డెల్మా లోపలుందా?

మా క్లబ్బు గుమ్మం దగ్గర నేను కూర్చునే బల్ల సొరుగులో నల్ల అట్ట ఫైలు ఒకటుంది. అందులో ఇరవై మూడు ఫోటోలు. దొంగలవీ, తాగి తగువులాడినవాళ్ళవీ కావు. "నన్ను లోపలికి రానివ్వకండి" అని తమంతట తామే సంతకం పెట్టిచ్చినవాళ్ళవి. మూడో పేజీలో ఉన్నది డెల్మా హోర్గన్. ఆ ఫోటో తీసింది నేనే.

"కాస్త నవ్వవే," అన్నాను ఆ రోజు.

"ఎందుకూ, పేపర్లో వేయిస్తావా? దొంగమొహంలాగే తియ్యి. పట్టుకోడానికి తేలిగ్గా ఉంటుంది," అంది.

ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా ఉద్యోగం. వచ్చినవాళ్ళ కార్డు చూడటం, కొత్తవాళ్ళ పేరు రాయించడం, ఫోనెత్తడం. మా గుంబర్రాలో బ్యాంకు మూసేశారు, సినిమా హాలు కూలిపోయింది, ఉన్న ఒక్క హోటలూ తగలబడింది. ఇక మిగిలింది ఈ బౌల్స్ క్లబ్బు. పెళ్ళి విందైనా, అంత్యక్రియలయ్యాక ఇచ్చే చావు టీ అయినా, మాంసం గెలుచుకునే శుక్రవారం లాటరీ అయినా ఇక్కడే. ముందున్న పచ్చిక మీద ముసలాళ్ళు బంతులు దొర్లిస్తారు. వెనక గదిలో ముప్పై ఆరు పోకీలు, అంటే డబ్బు వేసి ఆడే జూదం మెషీన్లు, బొమ్మలు దొర్లిస్తాయి. ఆ పచ్చికకు పోసే నీళ్ళ ఖర్చు కూడా ఆ గదే ఇస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

పచ్చికను కత్తిరించి, తడిపి, చంటిబిడ్డలా సాకేవాడు డెల్మా మొగుడు లెస్. మట్టి బూట్లతో తివాచీ తొక్కకూడదని అతను లోపలికే వచ్చేవాడు కాదు. డెల్మా బడి బస్సు నడిపేది. పొద్దున్న తొమ్మిదింపావుకల్లా పిల్లల్ని దింపేస్తే మళ్ళీ మూడుకు ఎక్కించుకునేదాకా పని లేదు. ఊరి బయట పొలాల్లో ఉండేవాళ్ళు. ఇంటికెళ్ళి రావడం పెట్రోలు దండగ. క్లబ్బు పదింటికి తెరుస్తాం. రోడ్డు చివరున్న బడి గేటు నుంచి క్లబ్బు ముందు భాగం కనిపిస్తుందని బస్సు వెనక పెట్టి, వెనక తలుపులోంచి వచ్చేది. మొదట్లో ఒక టీ, ఒక పేపరు, గుప్పెడు చిల్లర. అలా నాలుగేళ్ళు గడిచేసరికి పేపరు పోయింది, చిల్లర నోట్లయింది. మొగుడు ముందర, పెళ్ళాం వెనక, మధ్యలో ముప్పై అడుగులు. అతనికి తెలియదు.

ఆమెది ఎప్పుడూ ఒకటే మెషీను. కిటికీ పక్కది, ఎర్రగుర్రాలది. మూడు గుర్రాలు ఒకే వరసలో పడితే మెషీను సకిలిస్తుంది, పదిహేను తిప్పులు ఉచితం. ఆ పదిహేనులో మళ్ళీ సకిలిస్తే ఇంకో పదిహేను. మా దగ్గర ఒక పద్ధతుంది. బాత్రూముకు వెళ్ళాలంటే మెషీను మీద "ఇప్పుడే వస్తా" అనే అట్టముక్క పెట్టుకోవచ్చు. అది మూడు నిమిషాల వరకే. దాటితే ఎవరైనా కూర్చోవచ్చు. పొద్దుట్నుంచీ నువ్వు మేపిన గుర్రాన్ని ఎవడో వచ్చి రెండు నొక్కులకే ఎక్కి పోతాడన్న భయం మా ఊళ్ళో చాలామందికి ఉంది. మెషీనుకు నీ ముఖం గుర్తుండదని ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే. డెల్మా ఆ అట్టముక్క కూడా నమ్మేది కాదు. మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా కూర్చునేది.

నేను టీ అందించేదాన్ని. ఇందులో నా పాత్ర దాచుకోను. కూర్చున్న చోటికే టీ తీసుకెళ్ళి ఇవ్వమని మేనేజరు క్లైడ్ చెప్పాడు. కూర్చున్నవాళ్ళు లేవకూడదు, అంతే. తీసుకెళ్ళి ఇచ్చాను.

అది ఫిబ్రవరి, మాకు నడి వేసవి. నలభై రెండు డిగ్రీల ఎండ. రెండున్నరకు కప్పు పట్టుకెళ్ళి, "డెల్, టైమైంది," అన్నాను.

"ఆఁ, వెళ్తున్నా," అంది తల తిప్పకుండా. అప్పుడే గుర్రాలు సకిలించాయి. మూడు నిమిషాల అట్టముక్క పెట్టి గంటన్నర బస్సు నడిపి రాలేదు కదా. లేవలేదు.

మూడూ పదికి ఫోను మోగింది. బడి ఆఫీసులో పనిచేసే థియా లోమాక్స్.

"కోరల్, డెల్మా లోపలుందా? బస్సింకా రాలేదు."

లోపల ఎవరున్నారో ఫోనులో చెప్పకూడదన్నది క్లబ్బుల్లో పాత కట్టుబాటు. పెళ్ళాలు ఫోను చేస్తారు, తల్లులు చేస్తారు, అప్పులిచ్చినవాళ్ళు చేస్తారు. "లేడే, ఇప్పుడే వెళ్ళాడు" అనడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఎన్ని వందలసార్లన్నానో నాకే తెలియదు. మగవాళ్ళు క్రిస్మస్‌కి నాకు చాక్లెట్ డబ్బాలిచ్చేది అందుకే. నా బల్ల దగ్గర్నుంచి చూస్తే వెనక గది తలుపులోంచి డెల్మా జడ కనిపిస్తోంది. దాన్ని చూస్తూనే అన్నాను.

"లేదే థియా. ఇప్పుడే వెళ్ళింది."

"హమ్మయ్య. అయితే దార్లో ఉన్నట్టే."

దార్లో ఉందనుకుని థియా పిల్లల్ని గేటు దగ్గరే నిలబెట్టింది. నేను ఆ మాట అనకపోతే లోపలికి తీసుకెళ్ళి ఫ్యాను కింద కూర్చోబెట్టేది. నేను వెంటనే వెళ్ళి డెల్మా భుజం కుదిపాను. అంతవరకూ నిజం. "రెండే తిప్పులు, ఆగవే," అంది. గుమ్మం దగ్గర ఎవరో కార్డు పట్టుకుని నిలబడ్డారు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ రెండు తిప్పులు ఇరవై ఐదు నిమిషాలయ్యాయి.

పదకొండు మంది పిల్లలు. అందులో బ్రైడీ అనే ఏడేళ్ళ పిల్ల కళ్ళు తిరిగి కంకర మీద పడిపోయింది. అంబులెన్సు వచ్చింది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. బతికింది, బాగానే ఉంది. కానీ ఆ రెండు రోజులూ నేను అన్నం ముట్టలేదు.

టైరు పంచరైందని చెప్పింది డెల్మా. అందరూ నమ్మారు. బస్సుల యజమాని వార్విక్ కూడా నమ్మాడు. "ఇప్పుడే వెళ్ళింది" అన్న నా మాట ఆ అబద్ధానికి చక్కగా అతికింది. ఇద్దరం ఒకరితో ఒకరం అనుకోకుండానే ఒకే అబద్ధం కుట్టాం.

అయిదో రోజు డెల్మా కేకు చేసుకుని బ్రైడీ ఇంటికెళ్ళింది. అప్పుడేం జరిగిందో తర్వాత తనే చెప్పింది.

"వాళ్ళమ్మ నన్ను కావిలించుకుంది కోరల్. 'టైరు పోతే నువ్వేం చేస్తావ్ తల్లీ, నీ ప్రాణం ఎంత కొట్టుకుందో' అంది. ఆ పిల్ల ఒక బొమ్మ వేసి పెట్టింది నాకోసం. బస్సు బొమ్మ. నాలుగు చక్రాల్లో ఒకటి గాలి పోయి అణిగి ఉంది. పక్కన నేను ఏడుస్తున్నాను. 'ఇది నువ్వే' అంది."

"మరి?"

"మరేముంది. చెప్పేశాను. అక్కడే, గుమ్మంలో. వాళ్ళమ్మ కేకు నా చేతికే తిరిగిచ్చి తలుపేసుకుంది. ఏసుకోదా మరి."

అక్కణ్ణుంచి వార్విక్ దగ్గరికి వెళ్ళి అతనికీ చెప్పింది. అతను ఒంటికాలి మీద లేచి తాళాలు లాక్కున్నాడు. సాయంత్రం లెస్‌కు చెప్పింది. ఇంటి కప్పుకు కొత్త రేకులేయించడానికని అతను కూడబెట్టిందంతా గుర్రాలు మేసేశాయన్నదీ అప్పుడే చెప్పింది. లెస్ తలెత్తి ఆ కప్పు వంక చూశాడట. చివరికి, "సరే. వానొస్తే బకెట్లు పెట్టుకుందాం," అన్నాడట. మర్నాడు మాత్రం పచ్చికను పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి కత్తిరించాడు. నేనే చూశాను.

నా సంగతి ఎవరూ అడగలేదు. థియా లెక్క కట్టుకునే ఉంటుంది. ఎందుకంటే ఆ తర్వాత మార్కెట్లో కనిపిస్తే తల పక్కకు తిప్పుకునేది. నేనూ నోరు విప్పలేదు. తిట్లన్నీ డెల్మా తింటూ ఉంటే నేను పిల్లిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

తర్వాతి సోమవారం డెల్మా వచ్చి ఆ ఫారం అడిగింది. అందులో రెండు గళ్ళుంటాయి. మెషీన్ల గదికి మాత్రమే రాననేది ఒకటి, మొత్తం క్లబ్బుకే రాననేది రెండోది. క్లైడ్ బుజ్జగించాడు.

"గదికొక్కదానికే పెట్టు డెల్మా. భోజనానికి రావొచ్చు, లెస్‌తో కూర్చోవచ్చు. ఊళ్ళో ఇంకెక్కడికి పోతావ్?"

"భోజనాల బల్ల దగ్గరికి ఆ సకిలింపు వినిపించదా? నేను కాళ్ళు కట్టేసుకోగలను క్లైడ్, చెవులెక్కడ కట్టేసుకోను?"

రెండో గడిలో గీత పెట్టింది. మూడేళ్ళు. అంటే మూడేళ్ళ పాటు ఊళ్ళో పెళ్ళి లేదు, పుట్టినరోజు లేదు, శుక్రవారం లాటరీ లేదు. మానేసినవాళ్ళకు మెషీను ఒక్కటే పోతుందని బయటివాళ్ళనుకుంటారు. మా దగ్గర ఊరు కూడా పోతుంది.

ఆ తర్వాత ఆమె మొదట చేసిన పని వార్విక్ షెడ్డుకు వెళ్ళడం.

"నీకు తాళాలివ్వను," అన్నాడట అతను.

"తాళాలొద్దు. బకెట్టివ్వు. పొద్దున తొమ్మిదిన్నర్నుంచి రెండున్నర దాకా బస్సులు కడుగుతాను. ఆ అయిదు గంటలే నాకు కావాలి. తక్కినవి నేను చూసుకుంటా."

నాలుగు బస్సులు. అవసరం ఉన్నా లేకపోయినా రోజూ కడిగేది. సీట్ల కింద అంటిన చూయింగ్ గమ్ గీకేది. ఆ ఏడాది మా ఊరి బస్సులంత శుభ్రమైన బస్సులు ఈ రాష్ట్రంలో ఉండి ఉండవు. గురువారాలు షెడ్డులో కూర్చుని, ఇలాంటివాళ్ళకోసమే ఉన్న ఉచిత ఫోను నంబరుకు చేసి ఎవరో ఒకావిడతో అరగంట మాట్లాడేది. బ్యాంకు కార్డు లెస్ జేబులో ఉండేది.

మూడో నెలలో జారింది. అది దాచి చెప్తే ఈ కథ అబద్ధమవుతుంది. పళ్ళ డాక్టరు దగ్గరికని లెస్ దగ్గర కార్డు తీసుకుని తొంభై కిలోమీటర్లవతల ఊరికి పోయింది. అక్కడ క్లబ్బులో ఆమె ఫోటో లేదు. మధ్యాహ్నానికి పెట్రోలుకు కూడా మిగల్లేదు. తను ఫోను చేస్తే లెస్ ట్రక్కు వేసుకుని వెళ్ళేసరికి క్లబ్బు మెట్ల మీద కూర్చుని ఉందట, చేతిలో అదే ఫారం. ఆ ఊళ్ళోనూ ఇచ్చేసింది. "నీకు తిట్టాలనుంటే దారిపొడుగునా తిట్టు, కానీ ఇంకో మూడూళ్ళు తిప్పు," అందట. లెస్ తిప్పాడు. ఆ ఒక్క మధ్యాహ్నం నాలుగూళ్ళ గుమ్మాల్లో ఫోటోలు తీయించుకుంది. నాలుగోదాంట్లో మాత్రం నవ్విందని లెస్ నాతో చెప్పి నవ్వాడు. ఆ పైన జారినట్టు నాకు తెలియదు. తెలిస్తే చెప్పేదాన్ని.

రెండో ఏడు జూలైలో, మా చలికాలంలో, లెస్ పోయాడు. పచ్చిక మీదే, దాన్ని చదునుచేసే రోలరు పక్కన. గుండె. పొద్దున ఎనిమిదింటికి బంతులాడటానికొచ్చినవాళ్ళు చూశారు.

ముప్పై ఏళ్ళు పచ్చిక పెంచినవాడి చావు టీ క్లబ్బులో కాక ఎక్కడ పెడతారు? ఆడవాళ్ళంతా వంతులేసుకున్నారు. క్లైడ్ తనే డెల్మా ఇంటికెళ్ళి చెప్పాడు. "రెండు గంటలు మెషీన్లాపేస్తాం. పక్క తలుపులోంచి రా. ఫైలు సంగతి ఎవరూ తియ్యరు. ఈ ఒక్కరోజుకి." డెల్మా అవుననలేదు, కాదనలేదు. టీ ఇచ్చి పంపించిందట.

చర్చి పదకొండింటికి. టీ పన్నెండున్నరకు. ఆ రోజు నేను పదింటికి గుమ్మం తీశాను. తీసేసరికి ఎదురుగా డెల్మా. నల్ల గౌను, నల్ల చెప్పులు, చేతిలో సంచి.

"ఏమే, ఇప్పుడొచ్చావు?" అన్నాను.

"శాండ్‌విచ్‌లు ఎంతవరకూ వచ్చాయో చూసిపోదామని."

"చర్చి అయ్యాకే కదే కోసేది. బ్రెడ్డు ఎండిపోదూ? ఈ ఊళ్ళో నీకంటే ఎక్కువ చావు టీలు చేసినవాళ్ళెవరున్నారు?"

ఆమె కళ్ళు నా భుజం మీంచి వెనక గది వైపు పోతున్నాయి. మెషీన్లు ఆపేది పన్నెండుకు. పదికి అన్నీ వెలుగుతూనే ఉంటాయి. ఆ సంగతి నాకెంత తెలుసో ఆమెకంత తెలుసు.

"ఎర్రగుర్రాలు ఇంకా అక్కడే ఉన్నాయా?" అంది.

"ఉన్నాయి."

"కిటికీ పక్కనే?"

"అక్కడే."

"ఒక్క పావుగంట కోరల్. ఇల్లంతా అతని బూట్లే. ఎటు చూసినా బూట్లే. ఒక్క పావుగంట ఏమీ ఆలోచించకుండా కూర్చుంటాను. ఆ తర్వాత చర్చికి పోతాను. ఎవరికీ తెలియదు."

ఆమె మొహం చూస్తే తప్పుకుని దారివ్వాలనిపించింది. ఇరవై ఆరేళ్ళుగా నేను నేర్చుకున్నది అదొక్కటే, తప్పుకుని దారివ్వడం. సొరుగు తీసి ఫైలు బల్ల మీద పెట్టాను. మూడో పేజీ తీశాను.

"ఈవిడ్ని లోపలికి రానివ్వొద్దని నాకు రాసిచ్చారు," అన్నాను.

"నా మొగుడు చచ్చిపోయాడే."

"తెలుసు."

"క్లైడ్ రమ్మన్నాడు."

"క్లైడ్ రమ్మన్నాడు. నువ్వు వద్దన్నావు. సంతకం నీది."

ఆమె మొహం ఎర్రబడింది. "ఎంత గట్టిదానివయ్యావే! ఆ రోజు ఈ నోరెక్కడికి పోయింది? థియా ఫోను చేస్తే నేను లేనన్నావట. జుట్టు పట్టుకుని ఈడ్చకపోయావా ఆ రోజు?"

ఆమెకు తెలుసు. అన్నాళ్ళూ తెలిసే నన్ను ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. గుమ్మానికి అడ్డంగా మాత్రం అలాగే నిలబడ్డాను. ఆమె నన్ను చూసి, సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో తెలియదు. చర్చిలో కనిపించేదాకా నా గుండె నా దగ్గర లేదు.

చర్చి అయింది. అందరూ క్లబ్బుకొచ్చారు. డెల్మా రాలేదు. పన్నెండున్నరకు వార్విక్ తెల్ల బస్సు తెచ్చి ముందు రోడ్డు మీద, పచ్చిక కంచెకు అవతల ఆపాడు. అందులో డెల్మా. బస్సు కిటికీలోంచి లెస్ పచ్చిక అంతా కనిపిస్తుంది. కంచె దాటితేనే క్లబ్బు. ఆమె దాటలేదు.

హాల్లో జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందుగా బంతాట ముసలాళ్ళలో ఒకాయన ప్లేటు నిండా శాండ్‌విచ్‌లేసుకుని బయటికెళ్ళాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. తర్వాత టీ కెటిలు పట్టుకుని వంటింటి ఆడవాళ్ళు. ఊరంతా కదిలిపోయిందని చెప్పను. సగం మంది హాల్లోనే ఉండి సాసేజీలు తిన్నారు, చలేస్తోందన్నారు. క్లైడ్ రెండింటికి మెషీన్లు మళ్ళీ పెట్టించాడు. అయిదు నిమిషాల్లో ఎర్రగుర్రాల ముందు ఎవరో కూర్చున్నారు కూడా. కానీ బస్సులో సీట్లు నిండిపోయి కొందరు మెట్ల మీద నిలబడ్డారు.

అప్పుడు ఫోను మోగింది.

"కోరల్, డెల్మా లోపలుందా?"

థియా. ఏడాదిన్నర తర్వాత నాతో మొదటి మాట. అవే మాటలు, అదే గొంతు.

"లేదు," అన్నాను.

థియా నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఎలా నమ్ముతుంది?

"బ్రైడీ ఒక కాగితం ఇవ్వాలంటోంది ఆవిడకి," అంది. "వాళ్ళమ్మ సరేనంది. బడి వదలగానే తీసుకొస్తాను. నిజం చెప్పు. లోపలుంటే పిల్లని అక్కడికి తీసుకురాలేను."

"థియా, ఆ రోజు డెల్మా లోపలే ఉంది. జడ కనిపిస్తూనే ఉంది. లేదన్నాను. ఆ పిల్లని ఎండలో నిలబెట్టింది నేను, డెల్మా ఒక్కతే కాదు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, నాదే తప్పు. ఇవాళ మాత్రం లేదు. పొద్దున రాబోయింది, నేనే ఆపాను. కంచె అవతల రోడ్డు మీదుంది, బస్సులో. నామాట నమ్మకు. ఫోను పట్టుకుని మీ గేటు దగ్గరికొచ్చి చూడు."

నడుస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది. కంకర మీద. ఆ పిల్లలు నిలబడ్డ చోటే అది. తర్వాత గాలి చప్పుడు.

"కనిపిస్తోంది," అంది థియా.